చిగుళ్ల జబ్బుకి ఉసిరి, గ్రీన్ టీ, పసుపు సరిపోతాయా?

మీరు అడిగింది: బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోంది, డాక్టర్ డీప్ క్లీనింగ్ అన్నారు, దాని బదులు యాంటీ ఆక్సిడెంట్లతో తగ్గించుకోవచ్చా అని. బదులుగా అయితే కుదరదండీ. తోడుగా అయితే కొంత ఉపయోగం ఉంది. నాకు షుగర్ కూడా ఉంది, ఇదే చిగుళ్ల బాధ పడ్డాను కాబట్టి చెబుతున్నా.

పళ్ల మీది పాచి గట్టిపడితే గార అవుతుంది. అది చిగురు కిందికి దిగాక ఏ కషాయమూ దాన్ని కరిగించదు, పరికరంతో గీకి తీయాల్సిందే, డీప్ క్లీనింగ్ అంటే అదే. చిగురుకీ పంటికీ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. నాకు కొన్నిచోట్ల 6 ఉంది. అంత లోతుకి బ్రష్షే వెళ్లదు, ఇక గ్రీన్ టీ ఏం వెళుతుంది!

మరి యాంటీ ఆక్సిడెంట్ల మాట ఎందుకొచ్చిందంటే, అక్కడ చేరిన బాక్టీరియాను చంపడానికి తెల్ల రక్తకణాలు ఆక్సిజన్‌తో తయారైన చురుకైన అణువుల్ని వదులుతాయి. అవి మితిమీరితే మన చిగురునీ, పంటిని పట్టి ఉంచే ఎముకనీ కూడా దెబ్బతీస్తాయి. పొగతాగే వాళ్లలో, షుగర్ అదుపులో లేని వాళ్లలో ఈ నష్టం ఎక్కువ. ఆ అణువుల జోరు తగ్గించేవే యాంటీ ఆక్సిడెంట్లు. క్లీనింగ్ తర్వాత గ్రీన్ టీలోని కాటెకిన్లు, టమాటాలోని లైకోపీన్, పసుపులోని కుర్కుమిన్ లాంటి యాంటీ ఆక్సిడెంట్లు ఇచ్చి చూసిన అధ్యయనాలు మన దేశంలోనూ జరిగాయి. వాపు, రక్తం కారడం కొంత తగ్గినట్టు చాలావాటిలో కనిపించింది. కానీ చాలావరకు చిన్నవి, కొద్ది నెలలవి.

నాకు గార తీశాక డాక్టర్ సందుల్లో కుర్కుమిన్ జెల్ పెట్టారు. మంట తగ్గింది, అయితే అందులో జెల్ వాటా ఎంతో, క్లీనింగ్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి: వాపు దిగాక చిగురు కిందికి జారి పళ్ల మధ్య ఖాళీలు కనిపిస్తాయి, చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోయాయి" అని మా ఇంట్లో అందరూ ఒకటే గోల. ఎముక అంతకుముందే అరిగి ఉంటుంది, వాపూ గారా దాన్ని కప్పిపెడతాయి, అంతే.

తిండి విషయానికొస్తే ఖరీదైన క్యాప్సూల్స్ అక్కర్లేదు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైనే విటమిన్ సి (ఇదీ యాంటీ ఆక్సిడెంటే) ఉంటుంది, రోజుకి కావాల్సిన దానికంటే ఎక్కువే. టమాటాని నూనెలో మగ్గిస్తే లైకోపీన్ ఒంటికి బాగా పడుతుంది, అంటే మన పప్పు, పచ్చడి చాలు. ఉసిరి క్యాండీలో చక్కెరే ఎక్కువ, దాని జోలికి పోవద్దు. ఉసిరి రసం తాగితే నీళ్లతో పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ చేయొద్దు, పులుపుకి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. పసుపులో రాళ్ల ఉప్పు కలిపి చిగుళ్లు రుద్దే పని అసలే పెట్టుకోకండి.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడక్కుండా కుర్కుమిన్ మాత్రలు వేసుకోవద్దు. ఐరన్ మాత్ర వేసుకునే వేళ గ్రీన్ టీ వద్దు. అపాయింట్‌మెంట్‌కి వెళ్లినప్పుడు ఏ పంటి దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు ఉందో రాయించుకోండి, మూడు నెలలకి మళ్లీ కొలిపించుకుంటే తగ్గిందో లేదో తెలిసిపోతుంది.