డాక్టర్ సలహా: ఇంట్లో ఫైబర్ కారు ప్యానెళ్లు కోస్తుంటే దురద, పొడి దగ్గు

ప్రశ్న: మాది చిత్తూరు. నా వయసు 41 ఏళ్లు. మా మేనమామ వాడిన పాత సిపానీ డాల్ఫిన్ కారును ఇంటి దగ్గరే బాగుచేసుకుంటున్నాను. దాని బాడీ అంతా ఫైబర్. చెడిపోయిన భాగాలను వసారాలో గ్రైండర్‌తో కోసి, వాటి స్థానంలో కొత్త ప్యానెళ్లు అతికిస్తున్నాను. కోసిన రోజు రాత్రి నుంచి ముంజేతులు, మెడ, నడుము దగ్గర మంటతో కూడిన దురద మొదలైంది. నా బట్టలు ఉతికిన నా భార్యకు కూడా చేతులు దురద పెట్టాయి. వారం రోజులుగా నాకు పొడి దగ్గు వస్తోంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న మా అమ్మ, ఆరేళ్ల పాప ఉన్నారు. గాజు పొడి ఊపిరితిత్తుల్లో ఉండిపోయి క్యాన్సర్ వస్తుందా? ఈ పని మానేయాలా? ఇంట్లోనే శుభ్రంగా, ప్రమాదం లేకుండా కోసే పద్ధతి ఏమైనా ఉందా?

సమాధానం: కారు పని మానేయాల్సిన అవసరం లేదు, కానీ ఇప్పుడు కోస్తున్న పద్ధతిని తప్పకుండా మానేయాలి. దగ్గు పూర్తిగా తగ్గే వరకు కోత జోలికి వెళ్లకండి. ఫైబర్ విషయంలో ఒక మంచి సంగతి ఏమిటంటే, అంచు పెచ్చులు లేవకుండా శుభ్రంగా వచ్చే కోత, ఒంటికి హాని తక్కువగా చేసే కోత దాదాపు ఒకటే. వేగంగా తిరిగే రాపిడి డిస్కు అంచునూ పాడుచేస్తుంది, దుమ్మునూ ఎక్కువగా లేపుతుంది.

ముందుగా దురద గురించి చెబుతాను. మీరు ఫైబర్ అంటున్నది సన్నని గాజు పోగులను, గట్టిపడే జిగురు లాంటి పాలిస్టర్ రెజిన్‌లో గట్టిపరచి తయారుచేసిన పదార్థం. ఈ పోగుల మందం సాధారణంగా 9 నుంచి 25 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కోసినప్పుడు అవి చిన్న చిన్న సూదులుగా విరిగి చర్మం పై పొరలో గుచ్చుకుంటాయి కాబట్టి, మీకు వచ్చింది చాలావరకు అలర్జీ కాదు, గుచ్చుకోవడం వల్ల కలిగిన దురద. చెమట పట్టే చోట, బట్ట ఒరుసుకునే మెడ దగ్గర, బెల్టు కింద, మణికట్టు వద్ద అది ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును ముంజేతి పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. వెంట్రుకల మధ్య మెరుస్తున్న సన్నని పోగులు కనిపించవచ్చు. ఆ చోట సెల్లో టేపును మెల్లగా అద్ది తీయండి, రుద్దకండి. తర్వాత ధారగా పడే చల్లని నీటి కింద చేతిని ఉంచి, అవి కొట్టుకుపోయాక సబ్బు రాసి కడగండి.

మన ఇళ్లలో దురద అనగానే శనగపిండి, పసుపు కలిపి నలుగు పెట్టడం, పీచుతో తోముకోవడం అలవాటు. ఈ దురదకు మాత్రం అవి పనికిరావు, రుద్దిన కొద్దీ పోగులు మరింత లోపలికి దిగుతాయి. పనికి ముందు కొబ్బరినూనె రాసుకోవాలని కొందరు చెబుతారు గానీ, జిడ్డుకు పొడి అంటుకుని ఒంటి మీదే ఉండిపోతుంది. కడిగిన తర్వాత కాలమైన్ లోషన్ రాస్తే చాలు, ఒకటి రెండు రోజుల్లో ఉపశమనం కనిపించాలి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన పూతమందు కొనుక్కోవద్దు. దద్దుర్లు ఒరుసుకోని చోటికి కూడా పాకినా, నీటి పొక్కులు వచ్చినా, చీము పట్టినా చర్మవైద్యులను కలవండి. రెజిన్ వల్ల, ముఖ్యంగా ఎపాక్సీ రెజిన్ వల్ల, నిజమైన అలర్జీ వచ్చే అవకాశం కూడా ఉంటుంది, దాని చికిత్స వేరు.

మీ భార్యకు దురద రావడానికి కారణం మీ బట్టలే. పని బట్టలను గుమ్మం బయటే విడిచి, ఇంటి బట్టలతో కలపకుండా, గ్లౌజులు వేసుకుని మీరే విడిగా ఉతకండి. ముందు నీళ్లలో జాడించి ఆ నీటిని పారబోయండి. మిషన్‌లో వేస్తే తర్వాత ఒకసారి ఖాళీగా నీటితో తిప్పండి. స్నానం చేసి బట్టలు మార్చుకున్న తర్వాతే పాపను ఎత్తుకోండి.

ఇక మిమ్మల్ని భయపెడుతున్న ప్రశ్న ఊపిరితిత్తుల గురించి. సుమారు 3 మైక్రాన్ల కన్నా మందంగా ఉన్న పోగులు గాలి గదుల దాకా చేరడం అరుదు. అవి ముక్కులో, గొంతులో, పెద్ద శ్వాసనాళాల్లో చిక్కుకుని, చీమిడితోనో కఫంతోనో బయటికి వస్తాయి. మీ పొడి దగ్గు చాలావరకు ఆ పై దారి రాపిడి వల్ల వచ్చిందే కావచ్చు. క్యాన్సర్ కలిగించే ఆస్‌బెస్టాస్ (రాతినార) పోగు నిలువుగా చీలి అంతకంతకూ సన్నబడుతుంది, గాజు పోగు అడ్డంగా విరిగి పొట్టి అవుతుంది, ఈ రెండింటి ప్రమాదంలో తేడాకు అది ఒక ముఖ్య కారణం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ప్రచురించిన సమీక్షలో, ఇలాంటి అవిచ్ఛిన్న (తెగకుండా పొడవుగా లాగిన) గాజు పోగులను మూడో వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని వర్గీకరించడానికి ఆధారాలు సరిపోని వాటిలో, ఉంచింది. కాబట్టి వారం రోజుల పనికి క్యాన్సర్ వస్తుందని నిద్ర మానుకోవద్దు. అయితే గ్రైండర్ నుంచి వచ్చే పొగలాంటి దుమ్ములో పోగులొక్కటే ఉండవు. రెజిన్ పొడి, గాజు నలుసులు, పాత రంగు పొడి, డిస్కు అరుగుదల కూడా ఉంటాయి, వాటిలో బాగా సన్ననివి లోపలికి వెళ్తాయి. ఉబ్బసం ఉన్న మీ అమ్మగారికి ఆ దుమ్ము ఇల్లంతా తిరగడం నిజంగానే ప్రమాదం.

అందుకే కోత పద్ధతి మార్చమంటున్నాను. నిటారు కోతలకు, పెద్ద వంపులకు జిగ్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) వాడండి. దానికి సన్నని పళ్ల బ్లేడు గానీ, పళ్లకు బదులు కార్బైడ్ గరుకు పూత ఉన్న బ్లేడు గానీ బిగించండి. ఆ మిషన్ బ్లేడు మామూలుగా పైకి లాగేటప్పుడు కోస్తుంది కాబట్టి పైకి ఉన్న ముఖం మీదే పెచ్చులు లేస్తాయి. విడి ప్యానెల్ అయితే రంగు ఉన్న ముఖాన్ని కిందికి పెట్టండి, కారుకే ఉన్న భాగమైతే గీత మీద వెడల్పాటి మాస్కింగ్ టేపు అంటించి, టేపు మీదే గీత గీసి కోయండి. మూల తిరగాల్సిన చోట ముందుగా డ్రిల్లుతో గుండ్రని రంధ్రం వేస్తే పగులు అక్కడితో ఆగుతుంది. ప్యానెల్ అదిరితే అంచు చీలిపోతుంది, అందుకని గీతకు దగ్గరగా కింద చెక్క పెట్టి సీ క్లాంపుతో బిగించండి. గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటే కోసి, మిగిలింది వాటర్ పేపరును నీటిలో తడుపుతూ చేత్తో అరగదీయండి. ఇక్కడ మీకు తొందర వద్దు.

చిన్న ముక్కలకు అంగుళానికి 32 పళ్ల హాక్సా బ్లేడు చాలు. చేతి పనిముట్టు కాబట్టి గీత మీద నీళ్లు చిలకరిస్తూ కోయవచ్చు, దుమ్ము చాలావరకు అక్కడే అణుగుతుంది. కరెంటు మిషన్ దగ్గర మాత్రం నీళ్లు వాడవద్దు, షాక్ కొడుతుంది. గ్రైండర్ తప్పని చోట పళ్లు లేని డైమండ్ డిస్కు వాడండి, గార్డు తీయకండి, చెక్క కోసే పళ్ల డిస్కును దానికి ఎప్పుడూ బిగించకండి. అది ఒక్కసారి పట్టేస్తే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది, ఆ గాయాలు మేం చూసే అన్నిటిలోకీ ఘోరంగా ఉంటాయి. బ్లేడు మొద్దుబారి రెజిన్ కాలుతున్న వాసన వస్తే ఆపి మార్చండి.

పని వసారాలో వద్దు. కిటికీలు, తలుపులు మూసి, ఇంటికి దూరంగా ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి దుమ్మును ఇంటి వైపు కాకుండా దూరంగా తీసుకెళ్లేలా నిలబడండి. మన ఎండల్లో పెడస్టల్ ఫ్యాను పెట్టుకోవాలనిపిస్తుంది, కానీ అది దుమ్మును గది గదికీ చేరుస్తుంది. దానికన్నా తెల్లవారుజామున చల్లటి వేళ పని చేసుకోవడం మేలు, చెమట తగ్గితే పొడి అంటుకోవడమూ తగ్గుతుంది. జేబురుమాలు, సర్జికల్ మాస్కు ఈ దుమ్మును ఆపవు. ఎన్95 గానీ, అంతకు మించిన ఫిల్టరున్న మాస్కు గానీ ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే అంచు నుంచి గాలి దూరుతుంది. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, గ్రైండర్ వాడేటప్పుడు చెవులకు రక్షణ కూడా అవసరం. పని అయ్యాక పొడిగా ఊడవకండి. కల్లాపి చల్లినట్టు నీళ్లు చల్లి, తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టేయండి. ఒంటి మీది పొడిని ఎయిర్ పైపుతో ఊదుకోకండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ సన్నని దుమ్మును వెనక నుంచి మళ్లీ గాలిలోకి వదులుతుంది, అతి సన్నని దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే వాడండి.

మీరు రాయని ఒక విషయం నన్ను కలవరపెడుతోంది. డాల్ఫిన్ 1980ల నాటి కారు. ఆ కాలపు పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆరేళ్ల పిల్లల మెదడుకు సీసం చాలా చెడ్డది. పాత రంగును పొడిగా గీకవద్దు, కాల్చి తీయవద్దు. తడిపి తీయండి, పని పూర్తయ్యే వరకు పాపను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

అతికించేటప్పుడు వాడే రెజిన్ ఆవిరిలో స్టైరీన్ అనే హానికర రసాయనం ఉంటుంది, దాన్ని ఎన్95 ఆపదు, ఆవిరులకు తగిన కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. రెజిన్ గట్టిపడడానికి కలిపే హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడిగి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి. హార్డెనర్‌ను, అది త్వరగా గట్టిపడేందుకు కలిపే ఊదారంగు యాక్సిలరేటర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి కలపకండి, మంటలు రావచ్చు, పేలవచ్చు. కోతలో నలుసు కంట్లో పడినా నలపకుండా కడగండి, గుచ్చుకున్నట్టే ఉంటే అదే రోజు చూపించండి.

పని ఆపిన తర్వాత మీ దగ్గు కొద్ది రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. ఆయాసం, పిల్లికూతలు, జ్వరం, కఫంలో రక్తం ఉంటే ఆగకుండా ఊపిరితిత్తుల వైద్యులను కలిసి, ఏం కోశారో, ఎలా కోశారో చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే ఇదంతా ఫైబర్ వల్లేనని సరిపెట్టుకోకుండా క్షయ కోసం కఫం పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. మీ అమ్మగారు రోజూ వాడే ఇన్‌హేలర్‌ను మానకూడదు. పని జరిగే రోజుల్లో ఆవిడ, పాప బంధువుల ఇంట్లో ఉండగలిగితే అదే అన్నిటికన్నా మంచిది. రాత్రిళ్లు ఆయాసంతో ఆవిడకు మెలకువ వస్తున్నా, ఉపశమనం కోసం వాడే ఇన్‌హేలర్ అవసరం పెరిగినా ముందు ఆవిడను చూపించండి.