స్కార్పియో 2.2 డీజిల్‌కు వాటర్-మిథనాల్ పెడితే ఘాట్‌లో వేడి తగ్గుతుందా?

మీ ప్రశ్న ఇది: బీఎస్4 స్కార్పియో, 140 హెచ్‌పీ ఎంహాక్ ఇంజిన్, రీమ్యాప్ అయింది (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చారు), అరకు ఘాట్‌లో టర్బోకి (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోసేదానికి) ముందు ఎగ్జాస్ట్ టెంపరేచర్ 750 డిగ్రీలు దాటుతోంది. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) ఉన్నా ఈ కిట్ పనిచేస్తుందా, ఎలా బిగించాలి?

పనిచేస్తుంది. నీళ్లు, మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపి ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో స్ప్రే చేసేదే ఈ కిట్. కానీ కొనే ముందు పొగ చూడండి. ఫుల్ యాక్సిలరేటర్‌లో నల్లగా కక్కుతుంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదని అర్థం. ఇంటర్‌కూలర్ గొట్టాల జాయింట్లకు సబ్బు నీళ్లు రాసి, 1 బార్ ఒత్తిడితో గాలి పట్టించి బుడగలు వస్తున్నాయేమో చూడండి. లీకు లేకపోతే రీమ్యాప్ చేసినవాళ్లతో డీజిల్ కొంచెం తగ్గించమనండి. చాలా బండ్లకు సమస్య అక్కడితోనే తీరిపోతుంది.

అప్పటికీ వేడి తగ్గకపోతే ఇక కిట్ సంగతి. పెట్రోల్ ఇంజిన్‌లో దీన్ని పెట్టేది ముఖ్యంగా నాకింగ్ (ఇంధనం వేళ కాని వేళ పేలడం) ఆపడానికి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ విమానాలు వాడిన ఎండబ్ల్యూ 50 అనే నీళ్లు-మిథనాల్ మిశ్రమం కూడా అందుకే. డీజిల్‌లో లెక్క వేరు. ఇక్కడ వేడిని లాగేది ప్రధానంగా నీళ్లే. కిలో నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2,250 కిలోజౌళ్లు తీసుకుంటాయి, మిథనాల్ అందులో సగమే తీసుకుంటుంది. పైగా అది అదనపు ఇంధనం. గాలితో ముందే కలిసిపోయి ఉంటుంది కాబట్టి డీజిల్ అంటుకోగానే ఒక్కసారిగా మండుతుంది. మోతాదు మించితే సిలిండర్ ప్రెజర్ పెరిగి ముందు హెడ్ గాస్కెట్ పోతుంది. చలి దేశాల్లో 50:50 కలపడానికి నీళ్లు గడ్డకట్టకుండా ఉండటం కూడా ఒక కారణం. మనకు ఆ బెడద లేదు. కొలత ప్రకారం 70 పాళ్లు నీళ్లు, 30 పాళ్లు మిథనాల్ చాలు, 50 మాత్రం దాటొద్దు. నీళ్లు డిస్టిల్డ్‌వే పోయండి. బోరు నీళ్లు పోస్తే నాజిల్ సన్న రంధ్రం తెల్లటి ఉప్పుతో మూసుకుపోతుంది.

నాజిల్ సైజు దగ్గర అందరూ పెద్దదానికే పోతారు. ఈ ఇంజిన్ రీమ్యాప్‌తో ఫుల్ లోడ్‌లో నిమిషానికి 500 మి.లీ. చుట్టూ డీజిల్ తాగుతుంది. అందులో 15-20 శాతం, అంటే 75-100 మి.లీ. స్ప్రే సరిపోతుంది. 7 బార్ దగ్గర 80 మి.లీ. రేటింగ్ ఉన్న నాజిల్ తీసుకోండి. పంపు 10 బార్ ఇస్తూ, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) 1.4 బార్ ఉంటే నాజిల్‌కు మిగిలేది 8.6 బార్, అప్పుడు సుమారు 89 మి.లీ. పడుతుంది. 200 మి.లీ. నాజిల్ పెడితే తెల్ల పొగ, మిస్‌ఫైర్, పవర్ పడిపోవడం తప్ప లాభం లేదు.

నాజిల్ ఇంటర్‌కూలర్ తర్వాతే రావాలి. ముందు పెడితే గాలి వేడి అక్కడే తగ్గి ఇంటర్‌కూలర్‌కు పని ఉండదు, అడుగున నీళ్లూ చేరతాయి. టర్బో ముందు పెడితే కంప్రెసర్ రెక్కల అంచులు అరుగుతాయి. బూస్ట్, టెంపరేచర్ సెన్సార్లు దాటాక బిగించండి, తడిస్తే ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) తప్పుడు రీడింగ్ పోతుంది. ఈజీఆర్ గాలి (ఇంజిన్‌లోకి తిరిగి వచ్చే ఎగ్జాస్ట్) కలిసే నోటికి కూడా వీలైనంత దూరంగా పెట్టండి, మసి తడిసి బురదలా పేరుకుంటుంది.

పంపు 12 వోల్టుల డయాఫ్రం పంపు, మిథనాల్‌కు పనికొచ్చే సీళ్లతో ఉండాలి. వాటర్ ప్యూరిఫయర్ ఆర్‌వో పంపు పెట్టమని సలహాలు వస్తాయి. అవి ఎక్కువగా 24 వోల్టులవి, సీళ్లు కూడా మిథనాల్ కోసం చేసినవి కావు. ట్యాంకు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌ది, పైపు 6 ఎంఎం నైలాన్, ఫిట్టింగులు స్టెయిన్‌లెస్ స్టీలువి. అల్యూమినియం వద్దు, మిథనాల్ దాన్ని తినేస్తుంది. పంపును ట్యాంకు అడుగు కంటే కింద బిగించి, కరెంటు రిలే, ఫ్యూజు ద్వారా ఇగ్నిషన్ లైన్ నుంచి ఇవ్వండి.

అసలు ప్రమాదం సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటు ఆగగానే లైన్ మూసేది) లేకపోవడం. ట్యాంకు నాజిల్ కంటే ఎత్తులో ఉంటే బండి ఆపాక కూడా చుక్కలు పడుతూనే ఉంటాయి. ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 545 సీసీ. కంప్రెషన్ రేషియో 16.5 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 35 మి.లీ. మాత్రమే, అంటే రెండు టేబుల్ స్పూన్లకు కొంచెం ఎక్కువ. అన్ని నీళ్లు చేరాక సెల్ఫ్ కొడితే, నీళ్లు గాలిలా నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే వాల్వ్‌ను నాజిల్‌కు దగ్గరగా పెట్టండి. బిగించే ముందు నాజిల్‌ను సీసాలోకి పెట్టి ఒక నిమిషం పంపు నడిపి ఎన్ని మి.లీ. వచ్చిందో కొలవండి. ఆపాక పది నిమిషాలు చూడండి, ఒక్క చుక్క కూడా కారకూడదు.

కంట్రోలర్ బూస్ట్ చూసి మెల్లగా పెంచేదైతే 0.7 బార్ దగ్గర మొదలుపెట్టి 1.3 దగ్గర పూర్తిగా తెరవండి. ఒట్టి ప్రెజర్ స్విచ్ అయితే 1 బార్‌కు సెట్ చేయండి. కూలెంట్ 70 డిగ్రీలు దాటకుండా స్ప్రే కాకూడదు, చల్లటి ఇంజిన్‌లో నీళ్లు ఆవిరి కాక ఆయిల్‌లోకి దిగుతాయి.

మొదట ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో అదే ఘాట్, అదే గేరులో ఎక్కి చూడండి. 30-60 డిగ్రీలు తగ్గితే సిస్టం సరిగ్గా ఉన్నట్టే. మీ 750కి అదే చాలితే మిథనాల్ జోలికే పోనక్కర్లేదు. ఈ కిట్ ఉంది కదా అని డీజిల్ మాత్రం పెంచొద్దు. ఘాట్ మధ్యలో ట్యాంకు ఖాళీ అయినా, నాజిల్ మూసుకున్నా టర్బో పోతుంది.

మిథనాల్ లైసెన్సు ఉన్న కెమికల్ డీలర్ దగ్గరే కొనండి. డీజిల్ తీసినట్టు నోటితో పైపు లాగడం ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు, కొద్దిగా మింగినా చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి ఉంచొద్దు. పగటి వెలుగులో దాని మంట దాదాపు కనబడదు, కాబట్టి ట్యాంకు నింపేటప్పుడు ఇంజిన్ ఆపి, చల్లారనివ్వండి. ఆర్సీలో లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, క్లెయిమ్ వేళ ఇన్సూరెన్స్ వాళ్లూ అడగొచ్చు.