ఎడిటింగ్‌లో స్వేచ్ఛ కావాలంటే ఏ రంగంలో చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో పెళ్లిళ్లు తీసే ఒక స్టూడియోలో పనిచేసింది. తను తీసిన ఫొటోల్లో ముఖాలను ఎడిటర్ తెల్లగా మార్చేస్తున్నాడని బాధపడి మానేసింది. పత్రికలో చేరితే సృజనకు స్వేచ్ఛ ఉంటుందంటోంది. ఇంట్లో మాత్రం ఫొటోల రంగులు మారుస్తూ గంటల తరబడి కంప్యూటర్ ముందే కూర్చుంటుంది. ఏ దారి పట్టమంటారు?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయి బాధలో న్యాయం ఉంది. మండపంలో పసుపుపచ్చ దీపాల కింద తీసిన ఫొటోలో పెళ్లికూతురి ముఖం తెల్లబడాలని వెలుతురు పెంచారనుకోండి. మధుపర్కాల నేత కనిపించకుండా పోతుంది. భుజం మీద నిలిచిన తలంబ్రాలు తెల్లటి బట్టలో కలిసిపోతాయి. పాదాల పారాణి వెలిసిపోతుంది. చామనఛాయ అమ్మాయి తన పెళ్లి ఆల్బమ్‌లో తనను తాను వెతుక్కోవాలి. ‘కస్టమర్లు అడుగుతారు’ అన్న సమాధానంతో నేను సరిపెట్టుకోలేను. చాలాచోట్ల ఎవరూ అడగకముందే అలవాటుగా చేసేస్తారు.

అయితే ఆమె కోరుకుంటున్న స్వేచ్ఛ ఒకటి కాదు, రెండు. నా ఫొటోను మరొకరు పాడుచేయకూడదన్నది మొదటిది. నాకు నచ్చినట్టు దాన్ని మలుచుకోవాలన్నది రెండోది. పత్రికారంగం మొదటిదాన్ని కొంతవరకు కాపాడుతుంది, రెండోదానికి దాదాపు చోటివ్వదు. వార్తా ఫొటోలో వెలుతురు, రంగు కాస్త సరిదిద్దవచ్చు, అంచులు కత్తిరించవచ్చు. అంతకు మించి ఏం చేసినా తప్పే. నార్సిసో కాంట్రెరాస్ 2013లో పులిట్జర్ పాత్రికేయ పురస్కారం అందుకున్న అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ల బృందంలో ఒకరు. సిరియా యుద్ధంలో తీసిన ఒక ఫొటోలో, మూలన కనిపిస్తున్న సహచరుడి వీడియో కెమెరాను చెరిపేశారు. ఆయన తీసిన మిగతా ఫొటోలు దాదాపు 500 పరిశీలిస్తే ఎక్కడా మరో మార్పు కనబడలేదు. అయినా 2014 జనవరిలో సంస్థ ఆయనతో సంబంధం తెంచుకుంది. చెరిపింది వార్తకు సంబంధం లేని కెమెరానే కదా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ కట్టుబాటు సరైనదే అనిపిస్తుంది. ఈ ఒక్కటీ పరవాలేదనుకుంటే, పాఠకుడు రేపు ఏ ఫొటోను నమ్మాలి?

గంటల తరబడి రంగులతో ఆనందించే అమ్మాయి ఇందులో ఇమడగలదా అన్నది ఆమే తేల్చుకోవాలి. దానికి మార్గం చెబుతాను. కడియం నర్సరీలు మీకు దగ్గరే. తెల్లవారుజామున మొక్కలు లారీలకెక్కించే దగ్గర నుంచి సాయంత్రం దాకా కూలీల పనిని పది ఫొటోల్లో చెప్పమనండి. వార్తా ఫొటోల నియమం దాటకూడదు. తర్వాత అవే ఫొటోలను తన ఇష్టం వచ్చినట్టు మలచమనండి. ఏ వరసను నలుగురికీ చూపించాలని మనసు తొందరపడుతుందో గమనిస్తే ఆమెకే తెలిసిపోతుంది.

రెండో వరసే నచ్చితే ప్రకటనలు, ఫ్యాషన్, ఆహార పదార్థాల ఫొటోగ్రఫీ ఉన్నాయి. అక్కడ మార్పులు తప్పు కాదు, కాకపోతే డబ్బు పెట్టే సంస్థ చెప్పిన హద్దుల్లో చేయాలి. రీటచింగ్‌నే వృత్తిగా పెట్టుకున్నవారూ ఉన్నారు.

పెళ్లిళ్ల రంగాన్ని మాత్రం అప్పుడే వదిలేయవద్దు. అక్కడ పని దొరుకుతుంది, సొంతంగా ఎదిగే వీలుంది. లేనిదల్లా ముందస్తు ఒప్పందం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఈ సంగతి తెలియని ఫొటోగ్రాఫర్లు నాకు తరచూ తారసపడతారు. 57వ సెక్షన్ కింద, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు సృష్టికర్తకు ఉంటుంది. కానీ ఏ స్టూడియో కుర్రవాడు ఆల్బమ్ కోసం కోర్టుకెక్కుతాడు? ఎడిటింగ్ ఎవరు చేస్తారు, చర్మపు రంగు మార్చాలా వద్దా, ఫొటోలను తన పనికి నమూనాగా చూపుకోవచ్చా అన్నవి అడ్వాన్సు తీసుకునేటప్పుడే కాగితం మీద పెట్టుకోవాలి. ఎవరి దగ్గరైనా పనికి చేరితే, కనీసం తను తీసిన ఫొటోలు తనే ఎడిట్ చేస్తానని మొదటిరోజే అడగమనండి.

ఫొటోలు రా ఫైళ్లలోనే, అంటే కెమెరా పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లలోనే తీయమనండి. మామూలుగా వాడే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు ఉండేది 256 స్థాయిలు. 14 బిట్ల రా ఫైలులో 16,384. మధుపర్కాల నేతను వెనక్కి తెచ్చుకునే అవకాశం ఎక్కువగా ఉండేది ఇందులోనే.

చదువు కొనసాగించాలంటే గుజరాత్‌లో గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. ప్రవేశానికి డాట్ పరీక్ష రాయాలి. ఎన్నేళ్ల డిగ్రీకి అర్హత ఇస్తున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు మీ ఇంట్లో ఇంకా ఉంటే, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ చేయవచ్చు.

ఇక ఖర్చు సంగతి. ఆమె కొత్త లెన్స్ అడిగితే కొంతకాలం ఆగమనండి. ముందు రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే మానిటర్, దాన్ని సరిచేసుకునే కాలిబ్రేటర్ కొనివ్వండి. తెర మీద కనిపించే చర్మపు రంగు ప్రింటులో మరోలా వస్తుంటే, ఎడిటర్‌తో వాదించడానికి ఆమె దగ్గర ఆధారమే ఉండదు.