ఆయిల్ ఫిల్టర్ ఖర్చులో ఎంతవరకు పొదుపు చేయవచ్చు?

ప్రశ్న: మాది చిన్న పెట్రోలు కారు. ఏడాదికి సుమారు 10,000 కిలోమీటర్లు, అదీ ఎక్కువగా హైవే మీదే తిరుగుతుంది. వారంటీ మరో ఎనిమిది నెలలు ఉంది. ఖర్చులు తగ్గించుకుందామని సర్వీసు బిల్లు తీసి చూశాను. మొత్తాన్ని 100 అనుకుంటే ఇంజిన్ ఆయిల్‌కు 52, లేబర్‌కు 22, ఇంజిన్ ఫ్లష్‌కు (ఇంజిన్ లోపలి మురికిని రసాయనంతో కడగడం) 14, ఆయిల్ ఫిల్టర్‌కు 8, చిల్లర సామానుకు 4 అయింది. కారు కంపెనీ పేరుతో వచ్చే ఈ ఫిల్టర్‌కు బదులు, పేరున్న ఫిల్టర్ తయారీ సంస్థది 6కు, ఊరూ పేరూ లేనిది 4కే దొరుకుతోంది. ‘ప్రీమియం’ రకమైతే 16 అంటున్నారు. చవకది వేయించవచ్చా? లేక సర్వీసు విడిచి సర్వీసుకు ఫిల్టర్ మారిస్తే సరిపోతుందా?

జవాబు: బిల్లును ఇలా పాళ్లుగా విడదీసి పంపినందుకు ధన్యవాదాలు. సలహా అడిగేవారిలో ఇంత శ్రమ తీసుకునేవారు తక్కువ. మీ అంకెలతోనే జవాబు చెబుతాను.

చవక ఫిల్టర్ వేయిస్తే ఒక్కో సర్వీసుకు మీకు మిగిలేది 4. ఏడాదికి ఒక సర్వీసు చొప్పున అయిదేళ్లలో 20 మిగులుతుంది. మరోవైపు, ఆయిల్ సరిగా అందక ఇంజిన్ విప్పి బేరింగులు మార్చాల్సిన పరిస్థితి వస్తే అయ్యే ఖర్చు మీ సర్వీసు బిల్లుకు 30 రెట్లు, అంటే 3,000 అనుకుందాం. అప్పుడు ఆ అయిదేళ్లలో ఇలాంటి 150 కార్లలో అదనంగా ఒక్కదాని ఇంజిన్ పాడైనా, సగటున ఒక్కో కారుకు 20 పోయి మీ పొదుపు మొత్తం చెల్లుకు చెల్లు అయిపోతుంది. చవక ఫిల్టర్ వల్ల ప్రమాదం కచ్చితంగా ఇంత పెరుగుతుందని నేను చెప్పడం లేదు. అంత స్వల్పంగా పెరిగినా గిట్టుబాటు కాని బేరం ఇది అని మాత్రమే చెబుతున్నాను.

ఆ ప్రమాదం ఎక్కడ దాగి ఉంటుందో తెలిస్తే నిర్ణయం సులభమవుతుంది. పైనుంచి చూస్తే 4 ఫిల్టర్, 8 ఫిల్టర్ ఒకే రకం రేకు డబ్బాలు. తేడా అంతా లోపలే ఉంటుంది. ఫిల్టర్ నోటి దగ్గర పలుచని రబ్బరు పొర ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆపినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా అది ఆపుతుంది. నాసిరకం రబ్బరు వేడికి గట్టిపడితే రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఇంజిన్ పైభాగానికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఈ పొరకు సిలికాన్ రబ్బరు వాడినవి మామూలు రబ్బరువాటికంటే ఎక్కువ కాలం మెత్తగా ఉంటాయి. ఇక చాలా ఫిల్టర్ల లోపల స్ప్రింగుతో పనిచేసే బైపాస్ వాల్వ్ ఒకటి ఉంటుంది. ఫిల్టర్ పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా అది తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నైనా ఇంజిన్‌కు పంపుతుంది. ఆ స్ప్రింగు బలహీనంగా ఉంటే వాల్వ్ అవసరం లేనప్పుడు కూడా తెరుచుకుంటుంది. అప్పుడు కారుకు ఫిల్టర్ ఉన్నా లేనట్టే, పైగా ఆ సంగతి మీకు తెలిసే మార్గం లేదు. కొన్నాళ్లకు తప్ప బయటపడని లోపం ఉన్న వస్తువును ధర ఒక్కటే చూసి కొనకూడదని నా అభిప్రాయం.

ఫిల్టర్‌ను సర్వీసు విడిచి సర్వీసుకు మార్చాలన్న ఆలోచన లెక్క ప్రకారం చవక ఫిల్టర్‌కు భిన్నమేమీ కాదు. రెండు సర్వీసులకు 8 మిగిలితే సగటున ఒక్కోదానికి 4 మిగిలినట్టు. ఆయిల్ ఎలాగూ తీసి పోయాలి కాబట్టి లేబర్ ఖర్చు పెద్దగా తగ్గదు. పైగా పాత ఫిల్టర్‌లో నిలిచిన మురికి ఆయిల్, మీరు 52 పెట్టి పోయించిన కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. దీన్ని నేను సమర్థించలేను.

16 పెట్టే ప్రీమియం ఫిల్టర్ విషయంలో కూడా నా జవాబు ‘వద్దు’ అనే, కాకపోతే కారణం వేరు. వాటిలో కాగితపు పొరకు బదులు గాజు పీచు వంటి సింథటిక్ పొర ఉంటుంది. సన్నని రేణువులను బాగా పట్టుకుంటుంది, ఎక్కువ మురికిని ఇముడ్చుకోగలదు. ఆయిల్ మార్పుల మధ్య దూరం బాగా ఎక్కువగా ఉండేవారికి అది పనికొస్తుంది. ఏడాదికో 10,000 కిలోమీటర్లకో మార్చే మీరు దాని సత్తాలో కొంత భాగమే వాడుకుని మిగతాది పారేస్తారు. మాన్యువల్‌లో ప్రత్యేకంగా కోరితే తప్ప దాని జోలికి వెళ్లనక్కరలేదు. డబ్బా మీద ‘99 శాతం వడపోత’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల విషయంలోనో వెతకండి. ఆ కొలత లేని శాతం, కాలవ్యవధి చెప్పని వడ్డీ రేటు లాంటిదే. ఐఎస్‌ఓ 4548-12 అనే వడపోత పరీక్ష పేరు, మైక్రాన్ల అంకె రెండూ ఇచ్చిన సంస్థ మాటకు కొంత విలువ ఇవ్వవచ్చు.

ఇక మిగిలినవి 8, 6. కార్ల కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లను స్వయంగా తయారు చేయవు. మాన్, మాలే, బాష్ వంటి సంస్థలు కార్ల ఫ్యాక్టరీలకు విడిభాగాలు సరఫరా చేస్తూనే తమ పేరుతో బజారులోనూ అమ్ముతాయి. అందువల్ల మీ మోడల్‌కు, మీ ఇంజిన్‌కు సరిపోతుందని అలాంటి సంస్థ తన పట్టికలో చూపిన ఫిల్టర్‌ను నిశ్చింతగా వాడవచ్చు. అయితే వారంటీ ముగిసేదాకా కంపెనీ ఫిల్టరే వేయించి, బిల్లు భద్రపరచండి. ఈ ఎనిమిది నెలల్లో వచ్చేది ఒక్క సర్వీసు, తేడా 2 మాత్రమే. రేపు క్లెయిమ్ చేయాల్సి వస్తే ఫిల్టర్ మీద వాదనకు తావివ్వకుండా ఉండటానికి ఆ 2 పెట్టడం దండగ కాదు. వారంటీ ముగిశాక 6 ఫిల్టర్‌కు మారండి.

కొనేటప్పుడు పార్ట్ నంబర్ సరిచూడటం బ్రాండు కంటే ముఖ్యం. ‘ఇదీ పడుతుంది’ అన్న మాటకు లొంగకండి. 20 మిల్లీమీటర్ల థ్రెడ్‌కు (బిగించే మరకు) చేసిన ఫిల్టర్, 19.05 మిల్లీమీటర్ల, అంటే ముప్పావు అంగుళం థ్రెడ్ మీద ఎక్కినట్టే ఎక్కి, పట్టు చాలక వదులైపోగలదు. పేరున్న సంస్థ ఫిల్టర్ ఒక దుకాణంలో మాత్రమే 4కు వస్తోందంటే దాన్ని డిస్కౌంట్ అనుకోకుండా నకిలీ అని అనుమానించండి. కార్ల కంపెనీల పేరుతో ఉన్న డబ్బాలకూ నకిలీలు వస్తాయి కనుక అధీకృత విక్రేత దగ్గర బిల్లుతో కొనడమే మేలు.

మీరు అడగని సంగతి ఒకటుంది. మీ బిల్లులో అసలు కోత పెట్టదగినది 14 దగ్గర ఉంది. ఇంజిన్ ఫ్లష్ మీ మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో లేకపోతే, దాన్ని వద్దని జాబ్ కార్డు (చేయాల్సిన పనుల చీటీ) మీద ముందే రాయించండి. ఫిల్టర్‌ను ఎంత చవకగా కొన్నా మిగలని మొత్తం అక్కడ ఒక్క మాటతో మిగులుతుంది. అయిదేళ్లకు 70 అవుతుంది. దాన్ని టైర్లు, బ్యాటరీ కోసం విడిగా జమ చేయండి. చిల్లర సామాను కింద ఉన్న 4 జోలికి మాత్రం వెళ్లకండి, డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించే రంధ్రానికి మూత) వాషర్ వంటివి అందులోనే ఉంటాయి.

ఫిల్టర్ మీరే కొని ఇస్తే, బిగించేటప్పుడు దగ్గర నిలబడండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ కారిపోతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, ఇంజిన్‌కు తగిలాక డబ్బా మీద సూచించినంత మేరకే, సాధారణంగా ముప్పావు చుట్టు, చేత్తో తిప్పాలి. స్టార్ట్ చేసి కొద్ది నిమిషాలు నడిచాక కింద తడి ఉందేమో చూసి, ఆ తర్వాతే డబ్బు చెల్లించండి.

ధర తగ్గుతుందని నాలుగైదు ఫిల్టర్లు ఒకేసారి కొనమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీరు ఏడాదికి ఒకటే వాడతారు, రబ్బరు నిల్వలోనూ పాతబడుతుంది, మధ్యలో కారు అమ్మేస్తే అవి మరో మోడల్‌కు పనికిరావు. ఒకటి అదనంగా ఉంచుకుంటే చాలు.