చల్క నేలకు సున్నం, ఎంజైముల ద్రావణం అవసరమా?

ప్రశ్న: మాది దేవరకొండ ప్రాంతం. నాలుగెకరాల ఎర్ర చల్కలో పత్తి వేస్తున్నాను. భూసార పరీక్షలో ఉదజని సూచిక 6.1, సేంద్రియ కర్బనం 0.32 శాతం వచ్చాయి. నేల ఆమ్లంగా ఉన్నందున ఎంజైములు పని చేయడం లేదని, సున్నం వేసి ఎంజైముల ద్రావణం కూడా పోయాలని దుకాణంలో చెప్పారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ నేలకు సున్నం అవసరం లేదు. ఉదజని సూచిక సుమారు 5.5 కంటే తగ్గినప్పుడే నేలలోని అల్యూమినియం కరిగి వేర్లకు, సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. వర్షాలు ఎక్కువగా కురిసే కేరళ, ఈశాన్య రాష్ట్రాల నేలల్లో ఈ సమస్య ఉంది కనుక అక్కడ సున్నం వేయాల్సిందే. సేంద్రియ భాస్వరాన్ని మొక్కకు అందే రూపంలోకి మార్చే ఆమ్ల ఫాస్ఫటేజ్ అనే ఎంజైముకు మీ చల్కలోని 6.1 అనుకూలమైన స్థాయే. పైగా సున్నం అనవసరంగా వేస్తే జింకు అందడం తగ్గుతుంది.

ఆలోచించవలసింది 0.32 గురించి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ కింద లెక్క. ఎంజైములను తయారు చేసేవి ప్రధానంగా సూక్ష్మజీవులు, వేర్లు. సూక్ష్మజీవులకు ఆహారం ఈ కర్బనమే. సూక్ష్మజీవుల శ్వాసక్రియకు తోడ్పడే డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము బతికున్న కణంలోనే పని చేస్తుంది కాబట్టి, నేల ఎండిపోతే దాని పని పడిపోతుంది. యూరియాను అమ్మోనియాగా మార్చే యూరియేజ్, పైన చెప్పిన ఫాస్ఫటేజ్ మాత్రం కణం నుంచి బయటపడ్డాక కూడా బంకమట్టిని, హ్యూమస్‌ను (బాగా చివికిన సేంద్రియ పదార్థాన్ని) అంటిపెట్టుకొని చాలాకాలం నిలుస్తాయి. చల్కలో బంకమట్టి, హ్యూమస్ రెండూ తక్కువే. తడి మట్టిని పిడికిట బిగించి వదిలి చూడండి. ఉండ కట్టకుండా రాలిపోతే బంకమట్టి ఎంత తక్కువో మీకే తెలుస్తుంది. సీసాలోని ఎంజైము కూడా మాంసకృత్తే కనుక, పట్టి ఉంచే బంకమట్టి తక్కువగా ఉన్న నేలలో పోస్తే సూక్ష్మజీవులు దాన్ని త్వరలోనే విచ్ఛిన్నం చేస్తాయి. ఆ డబ్బును బంకమట్టి ఉండే చెరువు పూడిక మట్టి తోలించడానికి ఖర్చు పెట్టమని గట్టిగా చెబుతున్నాను.

వేసవిలో పూడిక మట్టి తోలించి చేనంతా పరిచి, తొలకరికి పెళ్లలు నాని విడిపోయాక కలియదున్నండి. మన జిల్లాలో చౌడు ఉన్న చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి, తోలించే ముందు ఆ మట్టిని తప్పక పరీక్ష చేయించండి. ఆఖరి దుక్కిలో ఎకరాకు 4 టన్నుల చివికిన పశువుల ఎరువు వేయండి. పత్తి కట్టెను కాల్చకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి నేలలో కలపండి.

ఎంజైములు తక్కువని యూరియా మోతాదు పెంచవద్దు. చల్కలో ఉన్న కొద్దిపాటి యూరియేజ్ కూడా కొద్ది రోజుల్లోనే యూరియాను అమ్మోనియాగా మార్చగలదు. పైపైన చల్లితే అది గాలిలో కలిసిపోతుంది. తగినంత పదును ఉన్నప్పుడు మొక్క పక్కన గుంత తీసి వేసి, వెంటనే మట్టి కప్పండి.