గేదెల జబ్బు మనిషికి వస్తుందా?

ప్రశ్న: గుంటూరు దగ్గర మా ఊళ్లో నాన్నకి నెల రోజులుగా జ్వరం వచ్చిపోతోంది. డాక్టరు గారు బ్రూసెల్లా టెస్టు రాశారు. అది పశువుల జబ్బు కదా?

పశువులదే, కానీ మనుషులకీ వస్తుందండీ. 1887లో మాల్టాలో ఈ క్రిమిని కనిపెట్టిన సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ పేరే దానికి పెట్టారు. చూడి గేదె నెలలు నిండకుండా ఈసుకుపోవడానికి ఇదొక కారణం. అలాంటప్పుడు ఇంట్లో పెద్దాయన లుంగీ ఎగ్గట్టి, వట్టి చేతులతో మాయ లాగి పారేస్తారు. మన పల్లెల్లో అందరం చూసిందే. ఆ మాయ నిండా క్రిములే. గడ్డి కోసేటప్పుడు వేలికి పడ్డ చిన్న గాటు చాలు. రెండో దారి పచ్చిపాలు. బాగా కాచిన పాలు, వాటితో తోడేసిన పెరుగు అయితే భయం లేదు.

వచ్చిపోయే జ్వరం, రాత్రి బనియను తడిసిపోయేంత చెమట, నడుంనొప్పి, కీళ్లనొప్పులు. టైఫాయిడో టీబీనో అనుకుని నెలలు గడిచిపోతాయి, అందుకే మీ డాక్టరు గారు ఆ టెస్టు రాయడం నిజంగా మంచిదైంది. ఈమధ్య మీ గేదె ఏదైనా ఈసుకుపోయి ఉంటే ఆయనకు తప్పకుండా చెప్పండి. ల్యాబ్ వాళ్లకీ చెప్పాలి, రక్తం కల్చర్ చేసేటప్పుడు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసేటప్పుడు, వాళ్లకూ అంటుకోవచ్చు.

జబ్బని తేలితే మామూలుగా డాక్సీసైక్లిన్‌తో పాటు ఇంకో మందు కలిపి ఆరు వారాలు వాడతారు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు, ఆ టెన్షన్ వద్దు. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో దీనికి టీకా వేస్తారు, పశువుల ఆసుపత్రిలో అడగండి.