ఖాళీలో ఏ పదం రాయాలి?

ప్రశ్న: ఇంగ్లిష్ వాక్యాల్లో ఖాళీలు పూరించేటప్పుడు ‘ఆల్దో’, ‘డిస్పైట్’ వంటి సంధాయక పదాల మధ్య, ‘బోర్డ్’, ‘బోరింగ్’ వంటి విశేషణాల మధ్య తడబడుతున్నాను. అర్థం తెలిసినా జవాబు తప్పుతోంది. దేన్ని చూసి ఎంచుకోవాలి?

జవాబు: అర్థం ఒక్కటే చాలదు, ఖాళీ తర్వాత ఏముందో ముందుగా చూడాలి. అక్కడ కర్త, క్రియ రెండూ ఉన్న ఉపవాక్యం ఉంటే ‘ఆల్దో’ రాయాలి. నామవాచకం గానీ, ‘ఇంగ్’తో ముగిసే క్రియారూపం గానీ మాత్రమే ఉంటే ‘డిస్పైట్’ రాయాలి. ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, దే ప్లేడ్’ అన్నా, ‘డిస్పైట్ ద రెయిన్, దే ప్లేడ్’ అన్నా భావం ఒకటే గనుక, అర్థాన్ని మాత్రమే నమ్ముకున్నవారికి ఇక్కడ దారి దొరకదు. నిజానికి ‘డిస్పైట్’ అసలు సంధాయకం (కంజంక్షన్) కాదు, విభక్తి పదం (ప్రిపోజిషన్). అయినా ప్రశ్నపత్రాలు రెండింటినీ పక్కపక్కనే ఇస్తుంటాయి. ‘ఆల్దో’తో మొదలైన వాక్యంలో మళ్లీ ‘బట్’ చేర్చకూడదు; ‘బికాజ్’ ఉన్నచోట ‘సో’ కూడా అంతే. ‘అన్‌లెస్’లో వ్యతిరేకార్థం ఇమిడే ఉంటుంది కాబట్టి, ‘యు విల్ ఫెయిల్ అన్‌లెస్ యు డోంట్ స్టడీ’ అని రాస్తే చదివినవారే తప్పుతారన్న విపరీతార్థం వస్తుంది.

విశేషణాల సంగతి ఇంతకంటే తేలిక. భావాన్ని కలిగించేదానికి ‘బోరింగ్’, ఆ భావానికి లోనైనవారికి ‘బోర్డ్’ వాడాలి: ‘ద లెక్చర్ వాజ్ బోరింగ్, సో ద స్టూడెంట్స్ వర్ బోర్డ్’. ‘ఫ్యూ’ లెక్కపెట్టగలిగే వాటికి, ‘లిటిల్’ లెక్కపెట్టలేని వాటికి వాడతారు. ముందు ‘ఎ’ చేరితే ‘కొంత ఉంది’ అనీ, చేరకపోతే ‘దాదాపు లేదు’ అనీ అర్థం మారుతుంది.